ఐర్లండ్ పొలాల్లో మట్టి కోటలు, ఒంటరి ముళ్ళచెట్లు: ఎవరూ ఎందుకు ముట్టుకోరు?

క్లేర్_వాన
ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్ళను, పాత కట్టడాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళను అడుగుతున్నా. మేముండేది కౌంటీ క్లేర్‌లో, ఎన్నిస్‌కి కాస్త అవతల. మా ఇంటి వెనక పచ్చికలో గుండ్రంగా ఒక మట్టి గట్టు ఉంది, దాని మీద ముళ్ళచెట్లు, చుట్టూ సగం పూడిపోయిన కందకం. రైతు ట్రాక్టర్ పొలమంతా గడ్డి కోసుకుంటూ వచ్చి సరిగ్గా ఆ గట్టు దగ్గర పక్కకు తిరిగిపోతుంది. ఎందుకని అడిగితే "మా నాన్న ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోను" అన్నాడు, ఆపైన ఇంకో మాట లేదు. ఆయన వ్యవసాయ కాలేజీలో చదివినవాడు, ప్రతి ఆవు లెక్కా ఫోన్‌లో ఉంటుంది. ఇక్కడ ఎకరం ధర తెలిసినవాళ్ళకు అంత నేల వదిలేయడం అంటే ఏంటో అర్థమవుతుంది. ఇది చరిత్ర మీద గౌరవమా, భయమా? మీ ప్రాంతాల్లో ఏం చూశారో చెప్పండి.

రాళ్ళబాట
అది రింగ్‌ఫోర్ట్ అండీ. ఊళ్ళలో ఫెయిరీ ఫోర్ట్ అంటారు. కోట అనగానే బురుజులు, సైన్యం ఊహించుకోకండి. వీటిలో ఎక్కువ భాగం క్రీ.శ. 500 నుంచి 1000 మధ్య రైతు కుటుంబాలు కట్టుకున్న ఇంటి ఆవరణలు. నడుమ ఇల్లు, కొట్టాలు, చుట్టూ గట్టు, బయట కందకం. తోడేళ్ళూ పశువుల దొంగలూ లోపలికి రాకుండా. అప్పట్లో ఆస్తి అంటే పశువులే కదా, ఎవరింట ఎన్ని పాడి ఆవులున్నాయన్న దాన్ని బట్టే హోదా. రాయి ఎక్కువగా దొరికే చోట మట్టికి బదులు రాతిగోడ కట్టారు, మీ క్లేర్‌లోనే బరెన్ అనే సున్నపురాతి నేల వైపు వెళ్తే కాహర్‌కానెల్ అనే రాతికోట చూడొచ్చు.

దేశం మొత్తం మీద ఇలాంటివి 45 వేల దాకా నమోదయ్యాయి. కొన్నింటి కింద రాతితో కట్టిన సన్నటి సొరంగాలుంటాయి, దాడి జరిగితే దాక్కోవడానికీ, పాలూ వెన్నా చల్లగా ఉంచుకోవడానికీ. కట్టినవాళ్ళు పోయి వందల ఏళ్ళు గడిచాక ఎవరు కట్టారో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. గడ్డి మీద అడుగేస్తే కింద బోలుగా మోగే చోటు అది, భూమిలోకి పోయే దారి కనిపించేది. దాంతో, పూర్వం ఈ దేశాన్ని ఏలి ఓడిపోయి భూమి కిందికి వెళ్ళిపోయిన తువాహ డే డానన్ అనే జాతి అక్కడే ఉంటోందన్న కథ ఆ గట్టుకు అతుక్కుంది. ఫెయిరీలు అంటే పిల్లల పుస్తకాల్లోని రెక్కల బొమ్మలు కాదు. మనుషుల్లాగే ఉంటారు, పశువులుంటాయి, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పగ పడతారు. వాళ్ళ గట్టు తవ్వితే ఆవు చస్తుంది, చెయ్యి పడిపోతుంది, ఇంట్లో ఎవరో ఒకరు పోతారు అని నమ్మకం.

మీ ప్రశ్నకు నా జవాబు: రెండూనూ. మీ రైతు లోపల ఆ రెండూ విడివిడిగా లేవు, అందుకే ఆయన ఒక్క వాక్యంతో ఆపేశాడు.

నల్లరేగడి
క్షమించాలి, నేను కాస్త కటువుగా చెప్తాను. ఇలాంటి నమ్మకాల్ని దూరం నుంచి చూసి ముచ్చటపడడం నాకు నచ్చదు. 1895లో టిప్పరేరీలో బ్రిజెట్ క్లియరీ అనే ఆమెను సొంత భర్తే కాల్చి చంపాడు. దగ్గర్లోని ఫెయిరీ కోట వైపు వెళ్ళొచ్చాక జబ్బుపడింది, మంచంలో ఉన్నది నా భార్య కాదు, ఫెయిరీలు మార్చి పెట్టిన మనిషి అన్నాడు. బలవంతంగా పసర్లు తాగించారు, నిప్పు దగ్గరికి ఈడ్చారు, బంధువులు పక్కనే ఉన్నారు. ఆమె చనిపోయాక, తెల్లగుర్రం మీద అసలు భార్య బయటికొస్తుందని ఆ కోట దగ్గర రాత్రుళ్ళు కాపలా కాశాడు. తర్వాత 20 ఏళ్ళ శిక్ష పడింది. ఆమె కుట్టుపని చేసి సొంతంగా సంపాదించుకునే మనిషి, మంచి బట్టలు కట్టుకునేది, ఎవరి మాటా పడేది కాదు. అలాంటి ఆడమనిషి మీదే ఈ అనుమానం ఎందుకు పడిందో మన ఊళ్ళలో చేతబడి పేరుతో కొట్టి చంపిన కేసులు చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

క్లేర్_వాన
నల్లరేగడి గారూ, ఈ కేసు నాకు తెలియదు, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మీరన్నది కాదనను.

రాళ్ళబాట
కాదనలేం. కానీ నాకు ఒక తేడా కనిపిస్తుంది. ఒక చోటును ముట్టుకోకూడదు అనే నమ్మకం వేరు, ఒక మనిషిని అనుమానించే నమ్మకం వేరు. మొదటిది రైతు చేతిని ఆపింది, రెండోది చెయ్యి ఎత్తించింది. రెండూ ఒకే కథల మూటలోంచి వచ్చాయి, నిజమే, అయినా ఫలితం చూసి విడదీయాలి. 20వ శతాబ్దం రెండో సగంలో బుల్డోజర్లు వచ్చి పొలాలు చదును చేసేటప్పుడు, ఆ 'కీడు' అన్న మాట లేకపోతే ఈ గట్లు ఇన్ని మిగిలేవి కావు. అప్పటికే చట్టం ఉంది, 1930 నుంచి ఉంది, కానీ ఎక్కడో మూలనున్న పొలానికి చట్టం వచ్చి నిలబడుతుందా? నిలబడింది నాయనమ్మ మాటే.

నల్లరేగడి
మరి పోయినవి? వేలకొద్దీ గట్లు చదును చేసేశారు కదా, వాళ్ళలో ఎవరికి కీడు జరిగింది? జరగలేదు కాబట్టే పక్కవాడు కూడా ధైర్యం చేస్తాడు. భయం మీద ఆధారపడ్డ రక్షణ మొదటి ధైర్యవంతుడి దగ్గరే ఆగిపోతుంది.

మేయో_నర్సు
నేను మేయోలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని చేస్తున్నా. ఈ చర్చలో ఒక విషయం రాలేదు, చెప్పాలి.

ఈ కోటల్లో చాలా వాటిలో పసిపిల్లల సమాధులున్నాయి. కిల్లీన్ అంటారు. బాప్టిజం కాకుండా పోయిన బిడ్డలకు చర్చి నేలలో చోటు ఇచ్చేవారు కాదు. వాళ్ళ ఆత్మ స్వర్గానికీ పోదు, నరకానికీ పోదు, మధ్యలో ఉండిపోతుంది అని మతం చెప్పేది. అందుకని తండ్రో, మేనమామో చీకటిపడ్డాక ఆ చిన్న పెట్టెను పట్టుకెళ్ళి ఊరి సరిహద్దులోనో, సముద్రపు ఒడ్డునో, పాత కోట గట్టు లోపలో పాతిపెట్టి, గుర్తుగా పేరు లేని ఒక రాయి నిలబెట్టేవాడు. తల్లి మంచంలోనే ఉండేది, చాలామంది తల్లులకు ఎక్కడ పెట్టారో కూడా చెప్పలేదు. ఇది ఎప్పుడో వెయ్యేళ్ళ కిందటి మాట కాదు, కొన్ని చోట్ల 1950లు, 60ల దాకా జరిగింది. అంటే ఆ తల్లుల్లో, అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్ళలో కొందరు ఇంకా బతికే ఉన్నారు. నేను అన్నం తినిపించే చేతులవి.

కోట ఎందుకు ఎంచుకున్నారు? అక్కడ ఎవరూ నాగలి పెట్టరు కాబట్టి. చర్చి కాదన్న బిడ్డకు ఆ భయమే కాపలా అవుతుందని. అందుకే ఎవరైనా "వెర్రి రైతులు, దెయ్యాల భయం" అని నవ్వితే నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఒక పెద్దావిడ నాతో అంది, అక్కడ ఫెయిరీలున్నారో లేదో నాకు తెలియదు, మా తమ్ముడు మాత్రం ఉన్నాడు అని. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఫాదర్లే వచ్చి ఆ చోట్లకు ప్రార్థన చేసి, చిన్న కంచె, ఒక శిలువ పెడుతున్నారు. ఆలస్యంగానైనా చేస్తున్నారు.

క్లేర్_వాన
అక్కా, ఇది నాకు అస్సలు తెలియదు. మా రైతు ఆ ఒక్క వాక్యం తర్వాత ఎందుకు మాట్లాడలేదో అనిపిస్తోంది. ఇక ఆయన్ని గుచ్చి గుచ్చి అడగను.

నల్లరేగడి
నర్సు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను మాట్లాడింది మనుషుల్ని బాధపెట్టే నమ్మకం గురించి, దీని గురించి కాదు. అసలు ఆ బిడ్డలకు నేల దక్కనివ్వని నమ్మకం ఏదుందో, నా కోపం దాని మీద కూడా.

డబ్లిన్_బస్సు
నేను న్యూగ్రేంజ్ గురించి చెప్తా, ఎందుకంటే ఊరి మాట తేలిగ్గా తీసిపారేయకూడదు అనడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. డబ్లిన్ నుంచి కారులో గంట లోపు దూరం, మీత్ కౌంటీలో బాయిన్ నది ఒడ్డున. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన సమాధి దిబ్బ, గీజా పిరమిడ్ల కంటే పాతది. దాదాపు 85 మీటర్ల వెడల్పు, చుట్టూ 97 పెద్ద రాళ్ళ వరస. 1699లో భూస్వామి రోడ్డు పనికి దాని రాళ్ళు తీయిస్తుంటే లోపలికి దారి బయటపడింది.

1962లో మైకేల్ ఓ కెల్లీ అనే ప్రొఫెసర్ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు, ఏడాదిలో ఏదో ఒక రోజు సూర్యుడు లోపలున్న మూడు సుళ్ళ రాయిని వెలిగిస్తాడని ఒక మాట ఆయన చెవిన పడుతూ ఉండేది. కళ్ళారా చూశానన్నవాళ్ళు మాత్రం ఎవరూ దొరకలేదు. 1967 డిసెంబరు 21న తెల్లవారుజామున ఆయన ఒక్కడే లోపల కూర్చున్నాడు. వాకిలి పైన వదిలిన సందులోంచి ఎండ సన్నటి గీతలా వచ్చి 19 మీటర్ల దారి దాటి గదిలో పడింది. ఏటా ఆ రోజుల్లో సుమారు 17 నిమిషాలు ఉంటుంది. అయిదు వేల ఏళ్ళ కిందటి లెక్క ఇంకా తప్పలేదు, అది తలుచుకుంటేనే నాకు ఎంత గొప్పగా అనిపిస్తుందో చెప్పలేను.

ఇంకోటి. 2020లో ట్రినిటీ కాలేజీ పరిశోధకులు న్యూగ్రేంజ్‌లో దొరికిన ఎముక డీఎన్ఏ చూస్తే, ఆ మనిషి తల్లిదండ్రులు తోబుట్టువులు లేదా అంత దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ళని తేలింది. పక్కనే డౌత్ అనే ఇంకో దిబ్బ ఉంది. ఒక రాజు దిబ్బ కట్టిస్తుంటే చెల్లెలు మంత్రంతో సూర్యుణ్ణి ఆపిందనీ, రాజు ఆమెతో తప్పు చేయడంతో మంత్రం తెగి చీకటి పడిందనీ మధ్యయుగంలోనే రాసిపెట్టిన కథ ఆ డౌత్ గురించే. ఆ పోయినవాడు రాజవంశం మనిషేనా అన్నదాని మీద పరిశోధకుల మధ్య వాదన నడుస్తోంది, కథకూ ఎముకకూ నిజంగా సంబంధం ఉందని గట్టిగా చెప్పడానికీ లేదు. అయినా పక్కన పెట్టేయలేని విషయం.

పాలమూరు_పిల్ల
ఐర్లండ్ చూడలేదు గానీ మా వైపు నుంచి ఒక మాట. కృష్ణా ఒడ్డున మా నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ళు ఉన్నాయి, మూడు వేల ఏళ్ళు దాటినవి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. వాటిలో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పెద్ద రాళ్ళు నిలిచాయి, వాటి చుట్టూ ఉండాల్సిన చిన్న రాళ్ళు చాలావరకు సాగు కోసం తీసేశారు. పసుపు పూసిన రాయిని మాత్రం ఎవరూ పెకలించలేదు. కాబట్టి రాళ్ళబాట గారి మాటే నాదీ. కానీ మా దగ్గర నమ్మకమే ఇంకో పక్క నుంచి కొంప ముంచుతుంది, రాతి సమాధి కనిపిస్తే చాలు గుప్తనిధి ఉందని అర్ధరాత్రి తవ్వేస్తారు. అక్కడ ఆ బెడద లేదా?

రాళ్ళబాట
ఎందుకు లేదమ్మా, ఉంది. 1937 నుంచి 39 వరకు అక్కడ బడిపిల్లలతో ఊరి పెద్దల దగ్గర కథలు రాయించారు. జానపద కమిషన్ చేయించిన పని, సుమారు 50 వేల మంది పిల్లలు రాశారు, ఇప్పుడు డూఖస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. అందులో నిధి కథలు కొల్లలు. కోట కింద బంగారు కుండ, దానికి కాపలా నల్లపిల్లి, తవ్వుతుంటే ఇల్లు తగలబడుతున్నట్టు కనిపిస్తుంది, పరుగెత్తుకెళ్తే ఇల్లు మామూలుగానే ఉంటుంది, తిరిగొస్తే గుంత పూడిపోయి ఉంటుంది. ఆశా భయమూ ఒకే కథలో పెట్టారు చూడండి.

నిజం నిధి కూడా దొరికింది. 1980లో టిప్పరేరీలోని డెరీనాఫ్లాన్ అనే పాత మఠం దగ్గర తండ్రీకొడుకులకు మెటల్ డిటెక్టర్‌తో వెండి పూజాపాత్రలు దొరికాయి, ఎవరివన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇప్పుడవి డబ్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాతే చట్టాలు బిగించారు. అనుమతి లేకుండా పురావస్తువుల కోసం మెటల్ డిటెక్టర్ వాడడం అక్కడ నేరం. ఏదైనా దొరికితే అది ప్రభుత్వానిది.

గట్టు_మీద
ముళ్ళచెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదే. క్లేర్_వాన అన్నా, మీకు దగ్గర్లోనే లాటూన్ దగ్గర రోడ్డు పక్క కంచె లోపల ఒంటరిగా ఒక హాథార్న్ చెట్టు ఉంటుంది, చూశారా? 1999లో అక్కడ హైవే వేస్తుంటే ఎడ్డీ లెనిహాన్ అనే కథకుడు పత్రికకు ఉత్తరం రాశాడు. మన్‌స్టర్ ప్రాంతపు ఫెయిరీలు కొనాక్ట్ ప్రాంతం వాళ్ళతో యుద్ధానికి పోయే ముందు కలిసే చెట్టు ఇది, కొట్టేస్తే ఆ రోడ్డు మీద ప్రాణాలు పోతాయి అన్నాడు. ప్రపంచమంతా వార్త అయింది. చివరికి ఇంజినీర్లు చెట్టును ఉంచేలా పని చేశారు. 2002లో ఎవరో రాత్రిపూట రంపంతో కొమ్మలన్నీ నరికేశారు, అయినా మళ్ళీ చిగురించింది.

2017లో కెర్రీ ఎంపీ డానీ హీలీ-రే కూడా ఒక రోడ్డు పదేపదే కుంగడానికి దగ్గరున్న ఫెయిరీ కోటలే కారణం అన్నాడు. కౌంటీ వాళ్ళు మాత్రం నేల అడుగున మట్టిలో సమస్య అన్నారు. నాకు కౌంటీ మాటే సరైందనిపిస్తుంది. కానీ ఎన్నికల్లో నిలబడే మనిషి ఆ మాట బహిరంగంగా అనగలిగాడంటే ఓటేసేవాళ్ళలో ఆ నమ్మకం ఎంత లోతుందో ఆలోచించండి.

నల్లరేగడి
చెట్టు మిగలడం నాకూ సంతోషమే. కానీ రోడ్డు కుంగితే నేల పరీక్ష చేయించాలి, కోటను కాపాడాలంటే చట్టం అమలు చేయాలి. 2012లో కెర్రీలోనే కోటను చదును చేసిన రైతుకు కోర్టు 25 వేల యూరోల జరిమానా వేసింది. నాకు నమ్మకం కలిగించేది అదీ. వచ్చే తరం పిల్లలు ఫెయిరీలను నమ్మరు, అప్పుడు ఏం చేస్తారు?

మేయో_నర్సు
వాళ్ళకు ఆ చోట ఎవరున్నారో చెప్పాలి తమ్ముడూ. వెయ్యేళ్ళ కింద ఒక కుటుంబం ఇక్కడ ఆవులు కట్టేసింది, మీ ముత్తవ్వ బిడ్డ ఇక్కడే ఉన్నాడు అని. భయం పోయినా అది చెప్పే మనిషి ఉంటే చాలు. చెప్పకుండా జరిమానా ఒక్కటే పెడితే, ఆ జరిమానా కట్టి మరీ చదును చేసేవాళ్ళు వస్తారు.

కొత్తగా_వచ్చా
నేను వచ్చే నెల గాల్వే వస్తున్నా. ఇలాంటి చోట్లు చూడాలంటే ఎలా? రైతుల పొలాల్లోకి వెళ్ళొచ్చా? రాళ్ళను ముట్టుకుంటే ఏమైనా అవుతుందా అని కొంచెం టెన్షన్ కూడా ఉంది.

రాళ్ళబాట
నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ వాళ్ళ మ్యాప్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంటుంది. ఏ ఊరు చూసినా చుక్కలే చుక్కలు, ఒక్కో చుక్క నొక్కితే అదేంటో వివరం వస్తుంది. చాలా వాటికి దారి ప్రైవేటు పొలంలోంచే, కాబట్టి ముందు ఇంటికెళ్ళి అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కొన్నిసార్లు వాళ్ళే వెంట వచ్చి కథ చెప్తారు. గేటు ఎలా ఉంటే అలా వదిలి రండి, దూడలున్న మందలోకి పోకండి, కుక్కను తీసుకెళ్ళకండి. సొరంగాల్లోకి మాత్రం దిగొద్దు, రాళ్ళు వదులుగా ఉంటాయి.

గాల్వే నుంచైతే బరెన్‌లో పుల్నాబ్రోన్ తప్పకుండా చూడండి. నిలబెట్టిన రాళ్ళ మీద పెద్ద బల్లరాయి, ఫొటోల్లో చూసే ఉంటారు. 1985లో ఒక రాయి పగిలిందని గమనించి, బాగుచేసే ముందు తవ్వితే లోపల కనీసం 33 మంది ఎముకలు దొరికాయి, పెద్దలవీ పిల్లలవీ, అయిదు వేల ఏళ్ళకు పైబడినవి. అది సమాధి, అక్కడ ఫొటో కోసం పైకెక్కొద్దు.

గట్టు_మీద
దానికి ఒకటి కలపండి. బరెన్‌లో టూరిస్టులు నేల మీది సున్నపురాళ్ళు పీకి చిన్న చిన్న పుల్నాబ్రోన్‌లు పేర్చి ఫొటోలు దిగుతున్నారు. ఆ రాళ్ళ సందుల్లోనే అరుదైన మొక్కలు పెరుగుతాయి, రాయి కదిపితే అవి పోతాయి. స్లైగోలో నాక్‌నరే కొండ మీదున్న, పాత కథల్లోని మేవ్ రాణి పేరున్న రాళ్ళగుట్టకూ ఇలాంటి కష్టమే. కింది నుంచి ఒక రాయి పట్టుకెళ్ళి పైన పెట్టాలన్నది పాత ఆచారం, ఇప్పుడు జనం ఎక్కువై గుట్ట మీదకే ఎక్కేస్తుంటే రాళ్ళు జారిపోతున్నాయి. దాని లోపల ఇంతవరకు ఎవరూ తవ్వలేదు, ఏముందో తెలియకముందే పాడైపోతుందని భయంగా ఉంది. దయచేసి చుట్టూ నడవండి, పైకి ఎక్కకండి.

కొత్తగా_వచ్చా
అలాగే అండీ. నాక్‌నరేకి స్లైగో నుంచి బస్సు ఉందా, కారు తీసుకోవాలా?

డబ్లిన్_బస్సు
కారే నయం. పార్కింగ్ నుంచి పైకి ముప్పావు గంట నడక, వాన జాకెట్ మర్చిపోకండి. న్యూగ్రేంజ్‌కి మాత్రం టికెట్ ముందే బుక్ చేసుకోండి, అప్పటికప్పుడు వెళ్తే దొరక్కపోవచ్చు. డిసెంబరు సూర్యోదయానికి లోపల కూర్చోవాలంటే లాటరీలో పేరు రావాలి, చాలా కొద్దిమందికే వస్తుంది, అయినా పేరు ఇచ్చి చూడండి.